తలుపుల్లో బుడబుడ

హలో… ఆఁ, నేనేనండి, జయమ్మ టీచర్నే… ఎవరూ?

పోతురాజా! … ఏంటయ్యా, స్కూలుకి ఫోను చేసేవు? క్లాసు మధ్యలోంచి పిలిపించేరు నన్ను. ఎవరికేమైందో అని పరిగెత్తుకొచ్చేను… ఆఁ, హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలోంచే మాట్లాడుతున్నాను. లారీకి ఏమైనా—

ఆపేరా? … ఎక్కడ? … జొన్నాడ చెక్‌పోస్టులోనా.

ఊఁ…

ఉన్నాను, లైన్లోనే ఉన్నాను … మరి ఎందుకాపేరు? కొబ్బరికాయలే కదా వేసుకెళ్లేవు రాజమండ్రికి? … కాయలేనా? … నేనేమీ అనటం లేదు, అడుగుతున్నాను. సొంత లారీ గురించి అడిగితే తప్పా?

కాయితాలు చూపించేవా? … అన్నీ సరిగానే ఉన్నాయన్నారా. మరింకేం కావాలిట? … ముందూ వెనకా లారీల్ని కూడా ఆపేరా, నిన్నొక్కణ్ణేనా? … నిన్నొక్కణ్ణే… అలాగా. … పాపం.

ధర్మరాజూ, ఆ తలుపు కాస్త జేరవేసి నువ్వు బయట నిలబడు నాయనా. … నిన్ను కాదు పోతురాజూ, మా అటెండర్ని. నువ్వు చెప్పు.

కాయలన్నీ దింపించేరా! … ఈ వానలోనా? … సరే, దింపితే దింపేరు, మళ్లీ ఎక్కించుకోవచ్చు. దాయటానికేమీ లేనప్పుడు భయమెందుకు. … భయపడటం లేదా, మంచిది. … ఎక్కడ్నించి చేస్తున్నావు ఫోను? … వాళ్ల ఆఫీసులోంచేనా? పక్కన ఎవరున్నారు? … ఎస్సై గారు బయట లారీ దగ్గరున్నారా. … ట్రంకు కాల్ ఆయనే బుక్ చేయించేరా? మంచివారిలాగే ఉన్నారు అయితే.

అది సరే కానీ, తలుపుల దగ్గరకొచ్చేరా ఇంకా లేదా?

…

తలుపులంటే తలుపులే. … నువ్వే అన్నావు కదా ఇందాక, తలుపులు కూడా చూస్తామంటున్నారని… అనలేదా? … అన్నావయ్యా. … ఏమో మరి, నేనే అనుకున్నానేమో. లారీ వెతికేవాళ్లు తలుపులు చూడరా ఏంటి? … ఏంటలా రెట్టిస్తావు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు… నేనేమన్నానని ఇప్పుడు?

పోతురాజూ. … ఇదిగో, నీ మొహం నాకు కనపడటం లేదు, కనపడితే ఈపాటికి చెప్పేసేదాన్ని. పరీక్ష హాల్లో వెనక బెంచీవాడు కాలు కదిపితే చాలు, చీటీ ఎక్కడ దాచేడో పట్టేసేదాన్ని నేను. నా దగ్గర దాపరికాలొద్దు. ఏముంది ఆ తలుపుల్లో?

చెక్కలా! చెక్కలున్నాయని నాకూ తెలుసు. చెక్కల వెనకాల ఏముందని అడుగుతున్నాను.

ఏమీ లేదు. … సరే. మొన్న ఆదివారం చర్చికి తీసుకెళ్లేవా నన్ను? … గేటు ముందు ఇంజను ఆపేవా? … నేను దిగి తలుపు వేస్తే లోపల బుడబుడమంది. కల్లుకుండ కదిపినట్టు. మళ్లీ తీసి, మళ్లీ వేసేను. మళ్లీ బుడబుడ. అదేంటి పోతురాజూ అంటే నువ్వేమన్నావు? … ఆఁ, అదే. 'కొత్త చెక్కండి, అలాగే ఉంటాది' అన్నావు. పోనీ నా మొహం చూసి అన్నావా? స్టీరింగు వైపు చూసి అన్నావు. … చెక్క బుడబుడమంటుందా? ఎక్కడైనా విన్నావా? ఆ పూట పాస్టరు గారు ఏం వాక్యం చెప్పేరో ఒక్క ముక్క నా చెవిన పడలేదు తెలుసా.

వినపడలేదా నీకు? … ఇంజను మోతలో ఎలా వినపడుతుందా? ఆగిపోయిన ఇంజనుకి మోతేంటి! అలా కూడా తప్పించుకోవచ్చు.

మొదట్నించీ చెబుతాను విను. పాత చెక్కలు పాడైపోయేయి, నేను కాదనను. యుద్ధం నాటి మిలిటరీ బండి, తలుపుల లోపలి చెక్కలు పుచ్చక ఏమవుతాయి? చెమ్మకి ఉబ్బి పొరలు పొరలుగా ఊడిపోయేయి, రెక్సిను వేళ్లాడింది, సీట్లో కూర్చుంటే రేకు మోచేతికి కోసుకునేది. ఆ బండికి సామాను రాజమండ్రిలో కాదు కదా, మద్రాసులోనే దొరకదన్నారు. నేనేమన్నాను? పాత ఇనుముకి అమ్మేద్దాం అన్నాను. అన్నానా? … నువ్వేమన్నావు? 'మా వెంకన్న మావయ్య చేత చేయిస్తానండి' అన్నావు. అల్లవరంలో పడవలు కట్టే ఆయన లారీ చెక్కలు చేయటమేంటయ్యా అంటే నవ్వేవు.

చేసేడు, బాగానే చేసేడు. నేను చూడలేదనుకున్నావా? వద్దండి, బురదండి, మీరెందుకండి అని నువ్వెంత ఆపినా చెప్పకుండా బస్సెక్కి వచ్చేను కదా. పాత ముక్కలు నేల మీద పేర్చి, వాటి కొలతకే గీసుకుంటున్నాడు. నిప్పుల మీద కాచి వంచుతున్నాడు. పిడి వచ్చే చోట బెజ్జం, అద్దం తిప్పే చోట బెజ్జం, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. కానీ నన్ను చూడగానే ఏం చేసేడు మీ మావయ్య? … గుర్తు లేదా? నాకు గుర్తుంది. గబగబా ఆ చెక్కల మీద గోనెపట్టా కప్పేసేడు. … వాన పడుతుందనా? పాక లోపల వానేంటి పోతురాజూ!

ఇదివరకు ఆ చెక్కలకి స్క్రూలుండేవి. విప్పితే ఊడొచ్చేవి. ఈయన రాగి మేకులు దిగ్గొట్టేసేడు, ఎవరూ విప్పలేకుండా. సందులన్నిట్లో దూది కూరేడు. నూనెలో గుగ్గిలం కాచి పూసేడు. పూసి, నాతో ఏమన్నాడు? 'చుక్క పోదమ్మా' అన్నాడు, మురిసిపోతూ. ఏ చుక్క? ఎందుకు పోకూడదు? లారీ ఏమైనా గోదాట్లో ఈదుతుందా?

ఆఁ, పడవ పద్ధతి. ఆయనకి అదే వచ్చు. సరే. … మరి కూలెందుకు తీసుకోలేదు? చెక్క ఎక్కడ కొన్నారో ఎందుకు చెప్పలేదు? అడిగినప్పుడల్లా 'చూద్దాంలెండి, చూద్దాంలెండి' అంటావు. ఊరికే ఎవరు చేస్తారయ్యా ఈ రోజుల్లో? కొత్తిమీర కట్టయినా ఊరికే ఇవ్వరు బజార్లో.

అందుకే ఆలోచించేను. రాత్రీ పగలూ ఆలోచించేను. మీ వాళ్లకి పడవలున్నాయి. నీళ్ల మీద పోతే యానాం ఎంత దూరం? అక్కడ సారా చవక. అది తెచ్చి తలుపు నిండా పోసేసి, పైన చెక్క బిగించేస్తే, ఏ చెక్‌పోస్టు వాడికి మాత్రం—

తాటిచెట్టు కింద పాలు తాగినట్టా? … ఆ సామెత నాకే చెబుతావా! పాలైతే తాటిచెట్టు కిందే కూర్చుని ఎందుకు తాగాలిట?

అరవటం లేదు నేను. … సరే, అరిచేను. ఎందుకరవను? మా ఆయన, మీ అయ్యగారు, ఎలా పోయేరో నీకు తెలీదా? తాగి తాగి లివరు పాడైపోయి, కళ్లు పసుపు ముద్దలైపోయి… ఆసుపత్రిలో మంచం పక్కన నువ్వే కదా ఉన్నావు. ఆయన్ని పూడ్చి వచ్చిన మర్నాడు ఆ లారీ తాళం నీ చేతిలో పెట్టి ఏమన్నాను? ఈ బండిలో సారా చుక్క ఎక్కకూడదు అన్నాను. నువ్వు మా మతం కాదు కదా అని బైబిలు మీద ఒట్టు అడగలేదు. మా అమ్మ మీద ఒట్టండి అన్నావు నువ్వే. … ఆఁ. అన్నావు. అందుకే మరీ మండింది నాకు. మండి—

ఏం లేదు. మండింది, అంతే.

నేనెవరితో అంటాను? ఎవరితోనూ అనలేదు. … జీవరత్నమా? మా తమ్ముడు ఎక్సైజులో పని చేస్తే? వాడికీ దీనికీ ఏంటి సంబంధం? … ఎవరో ఆకాశరామన్న చెప్పుంటాడు. నువ్వంటే కిట్టనివాళ్లు ఎంతమంది లేరు లారీ స్టాండులో. … పోతురాజూ, నేను టీచర్ని. పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పే దాన్ని. నేనాడతానా?

…

ఏంటలా ఊరుకున్నావు? … ఏమీ లేదా. సరే.

ఏంటా చప్పుడు? … మొదలెట్టేరా? … ఉలి పెట్టి లేపుతున్నారా. లేపనీ. … నువ్వు అడ్డం పడకు. … విరిగితే విరుగుతుంది. మీ మావయ్య మళ్లీ చేస్తాడు, ఊరికే చేసేవాడే కదా. … ఏంటీ, నన్ను ఆపమని చెప్పమంటావా? నేను చెబితే ఎందుకాపుతారు వాళ్లు? … అసలు విప్పొద్దని నీకెందుకంత పట్టుదల? ఏముంది వెనకాల? ఇప్పుడైనా చెప్పు! … ఎవరికీ కనపడకూడనిదా? అదిగో, నీ నోటితో నువ్వే అన్నావు!

కిటికీలోంచి కనపడుతోందా నీకు? … ఏం కనపడుతోంది?

కారుతోందా!

చెప్పేనా! నేను చెప్పేనా! … ప్రభువా… బిందెడు కారుతోందా? … ఏ రంగు? … వాసన చూడమను. … చూసేరా? … ఏ వాసనా లేదా?

నీళ్లా?

నీళ్లేంటి? తలుపులో నీళ్లేంటి పోతురాజూ? … సారా కూడా నీళ్లలాగే ఉంటుంది చూట్టానికి. ఎవర్నైనా నాలిక మీద వేసుకోమను. … వేసుకున్నారా? … ఉమ్మేసేరా. … దోమ పురుగులు ఈదుతున్నాయా అందులో…

లేదు, నువ్వు చెబితే నమ్మను. ఎస్సై గార్ని పిలువు. ఆయనకియ్యి ఫోను. … పిలవ్వయ్యా, నేను కనుక్కుంటాను!

…

నమస్కారమండి… ఆయ్, జయమ్మనండి, లారీ నాదేనండి. … ఆయ్. … రెండో తలుపులో కూడానాండి? … అదీ నీళ్లే. … వాన నీళ్లు. … అద్దం పక్క రబ్బరు పోయిందాండి. ఆ సందులోంచి దిగేయన్నమాట. … ఏ లారీకైనా కాస్తో కూస్తో దిగుతాయా? మరి మిగతా లారీలు బుడబుడమనవేంటండి? … తలుపు అడుగున బెజ్జాలా! … దిగిన నీళ్లు దిగినట్టే పోవటానికి. … ఉండాలాండి అవి? … నాకేం తెలుసండి, లెక్కలు చెప్పుకునే దాన్ని. … ఆయ్. వెంకన్న గారు మూసేసేరు వాటిని. దూదీ గుగ్గిలమూ పెట్టి… అవునండి, పడవలు కట్టే ఆయనేనండి. అడుగున బెజ్జం కనపడితే ఊరుకుంటారా మరి ఆయన. పడవకి బెజ్జం ఎవరుంచుతారు… ఆయ్, నవ్వొచ్చే సంగతేనండి. … లేదండి, నేను నవ్వటం లేదు.

ఒక్క మాటండి. మా జీవరత్నం చేత నేను మీకు చెప్పించిన సంగతి… ఆ అబ్బాయితో అనకండి. చాలాకాలం నించీ మా దగ్గర—

ఏమన్నారు?

…

మొదట్లోనే చెప్పేసేరా. … ఆయ్… చెక్కలు పగలగొట్టే హక్కు మీకెక్కడిదని అడిగేడు. అడిగితే, ఓనరమ్మగారే ఒప్పుకున్నారు, ఆవిడే కబురు చేయించేరు అని… ఆయ్. … మీ తప్పేం లేదండి. నేను దాచమని ముందే చెప్పలేదు మరి.

అంటే నాకు ఫోను చేసేటప్పటికే తెలుసాండి అతనికి? … తెలిసేకే మిమ్మల్ని ఫోను అడిగేడా.

ఇంతసేపూ… ఇంతసేపూ నేను అతనితో…

లేదండి, బాగానే ఉన్నాను. చెప్పండి. … చెక్కల వెనకా? ఏం రాసుందండి? … పాత రంగా. నీలం రంగు మీద తెల్లక్షరాలు. … ఒక చెక్క మీద 'అప్పా'. … రెండో తలుపు చెక్క మీద 'యమ్మ'.

అప్పాయమ్మ.

… వాళ్లమ్మండి. … కాదండి, మనిషి కాదు, ఆవిడ పేరు పెట్టిన పడవండి. వాళ్ల నాన్న కట్టించింది. ఆయన పోయేక ఇతనే ఏటా రంగు వేయించి ఉంచుకున్నాడు… అల్లవరంలో కాలవ గట్టునుంటుందండి, మా ఆయనా నేనూ ఒకసారి ఎక్కేం కూడా…

కోసేసేరా? దాన్ని?

… ఆయ్. ఇయ్యండి. అతనికియ్యండి ఒకసారి.

…

పోతురాజూ.

… ఉన్నావా? … విను. నాకు తెలీదయ్యా. అది మీ పడవని నాకు తెలీదు. కొత్త చెక్కన్నావు, నువ్వు అబద్ధమాడుతున్నావని కనిపెట్టేను, అక్కడితో నా తెలివి ఆగిపోయింది.

ఎందుకు కోసేవు? … వానాకాలం పచ్చి చెక్క వేస్తే ఉబ్బిపోతుందని. … ఉప్పునీళ్లు తాగిన టేకు, ఇంక కదలదని. … చెక్క మంచిదే, నేనడిగేది అది కాదు. ఎందుకు కోసేవని. … నేను పాత ఇనుముకి అమ్మేస్తానన్నందుకా. … పడవెక్కి చేపల వేటకెళ్లేవాళ్లు మీ ఇంట్లో ఎవరూ లేరు, లారీ ఉంటే నీ పొట్టయినా గడుస్తుందని. అంతేనా? … ఇంకా? … అయ్యగారి బండిని తూకమేస్తుంటే చూడలేక. … ఆఁ.

మరి నాకెందుకు చెప్పలేదు? … చెబితే వద్దనేదాన్నని. … వద్దనేదాన్నే. నిజమే.

పోతురాజూ, నాకు సిగ్గుగా ఉంది. జీవరత్నానికి నేనే చెప్పేను. లారీ పోతే పోయింది, పట్టించెయ్యి వాణ్ణి అన్నాను. వాణ్ణి అనే అన్నాను. … తెలుసు. నీకు తెలుసని నాకిప్పుడే తెలిసింది. … మరి తెలిసీ ఎందుకు చేసేవు ఫోను?

…

నా నోటితో నేను చెబుతానేమోనని చూసేవా.

…

ఇంక ఎందుకులెండి అనకు. అలా అనకు. తిట్టు, పడతాను. … తిట్టవు. నువ్వెప్పుడు తిట్టేవు కనక.

ఆఁ? … కాయలెక్కించుకుని రాజమండ్రిలో దింపేసి వస్తావు. సరే. తర్వాత? … తాళం ధర్మరాజుకిచ్చి… ధర్మరాజుకెందుకు? నేను లేనా? ఇంటికి రా, అన్నం తిందువు గాని. … పనుందా? ఏం పని? ఎక్కడికి? … అల్లవరం వెళ్లి ఏం చేస్తావు? ఏ పడవ మీద వెళతావు? నీ పడవ నా తలుపుల్లో ఉంది కదయ్యా!

ఆపరేటరు గారూ, కట్ చేయకండమ్మా, ఇంకో మూడు నిమిషాలు ఇయ్యండి… ఆ ఖర్చు ఈ నంబరు మీదే వేసుకోండి. … ఆయ్, నేను చెప్పుకుంటాను హెడ్‌మిస్ట్రెస్ గారికి.

పోతురాజూ, చెక్కలు విరిగేయా? … ఒకటి చీలిందా. … పోనీ, ఆ చీలినదానితోనే బిగించు. ఈసారి అక్షరాలు మన వైపుకి తిప్పి బిగించు, నేనెక్కినప్పుడల్లా మీ అమ్మ పేరు నా కళ్లకి తగలాలి. అడుగున బెజ్జాలు పెట్టిద్దాం. వెంకన్న గారికి నేనే చెబుతాను, కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. … బిగించి రా. రేపు వస్తావు కదా? … ఆదివారం నన్ను చర్చికి తీసుకెళ్లాలి. తీసుకెళ్తావు కదా?

… నేనేం చెప్పినా ఆయ్ అనేవాడివి. తప్పు చెప్పినా ఆయ్ అనేవాడివి. ఇప్పుడనవేం? … ఒక్కసారి అనవయ్యా.

…

పోతురాజూ?

హలో… హలో… ఆపరేటరు గారూ, లైను తెగిపోయిందమ్మా, మళ్లీ కలపండి. జొన్నాడ… హలో—

తెగలేదా?

అటువాళ్లే పెట్టేసేరా.

… ఆయ్. … వద్దులెండమ్మా. కలపకండి.